యల్లాప్రగడ సుబ్బారావు: ఒక ప్రవాసి ఆరోగ్యసాధన

పొట్ట చేతబట్టుకొని సముద్రం దాటడం తెలుగువారికి కొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో గంజాం, విశాఖ, గోదావరి మండలాల నుండి ఓడలెక్కినవారు రంగూను రేవులోను, మారిషస్, నేటాల్ చెరకుతోటల్లోను, కొంతకాలానికి ఫీజీ దీవుల్లోను చెమటోడ్చారు. వానదేవుడు కరుణించని మా రాయచోటి ప్రాంతం నుండి ఇటీవలి దశాబ్దాల్లో ఎన్నో కుటుంబాలవారు కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు తరలి వెళ్ళారు. వలస పోయినవాని ఆరోగ్యం ఏమవుతుంది? అతడు ఇంటివద్ద విడిచిపోయినవారి గతి ఏమిటి? పేదరికానికి, వ్యాధికి గల బాంధవ్యం దేశపు సరిహద్దు దాటినంతమాత్రాన తెగిపోతుందా? అమెరికాలో మెక్సికో, ప్యూర్టోరికో మొదలైన ప్రాంతాల నుండి వచ్చిన స్పానిష్ కుటుంబాల విషయంలో ఈ ప్రశ్నలనే నేడు పండితులు శాస్త్రీయంగా పరిశోధిస్తున్నారు. వారికంటే ఎంతో ముందు, ఈ ప్రశ్నలను తన బ్రతుకులోనే ఎదుర్కొని ప్రయోగశాలలో వాటికి సమాధానం వెదకిన తెలుగువాడు ఒకరున్నారు. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరం జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. జగన్నాథంగారు అనారోగ్యం వల్ల సర్కారు కొలువు ముందుగానే విడువవలసి వచ్చింది. దానితో సంసారం చితికిపోయింది. పదమూడేండ్ల ప్రాయంలో ఈ పిల్లవాడు కాశీయాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరాడట. తల్లి వెనుకకు రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. సొమ్ములు అమ్మి చదివించింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఆయన కృతార్థులయ్యారు. ఉత్తరకాలంలో ప్రపంచ వైద్యశాస్త్రానికి ఇంతటి మేలు చేసిన మేధావి బడిచదువులో ఇట్లు తడబడడం ఉపాధ్యాయ వృత్తిలోనున్న మాబోటివారు మరువరాని సంగతి.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివేనాడు ఆయన మనస్సు రామకృష్ణ మఠంవైపు మొగ్గింది. సన్న్యాసానికి తల్లి సమ్మతించలేదు. సేవకు సన్న్యాసం ఒక్కటే మార్గం కాదని నిశ్చయించుకొని ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చేరారు. ఆ రోజుల్లోనే యింటిమీద పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది దినాల ఎడంలో ఒకే వ్యాధికి బలియైనారు. ఆ వ్యాధిని పాశ్చాత్య వైద్యులు స్ప్రూ అంటారు. మన వైద్యులు సంగ్రహణి అని చెప్పే రోగానికి దగ్గరది. తిన్న అన్నం ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, నెత్తురు పలచబడుతుంది, మనిషి కండ కరిగి ఎముకల గూడవుతాడు. దానికి ఆనాడు తగిన మందు లేదు. ఇద్దరు సోదరుల చితుల ముందు నిలిచిన ఆ వైద్యవిద్యార్థికి తాను చదువుతున్న శాస్త్రం ఎంత అసమగ్రమో తెలిసివచ్చింది.

అవి గాంధీమహాత్ముని సహాయనిరాకరణ దినాలు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సశాలకు సైతం ఖద్దరు వస్త్రాలే ధరించి వెళ్ళారు. శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు అది కంటగింపైంది. పర్యవసానంగా ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రమే ఆయనకు దక్కింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధిస్తూ కొంతకాలం గడిపారు. సొంత దేశంలో ద్వారాలు మూసుకొనిపోయినవాడు ద్వీపాంతరంవైపు చూడడం సహజం. ఆయన చూపు ఉష్ణమండల వ్యాధులను బోధించే హార్వర్డు విద్యాలయంపై పడింది.

ప్రయాణానికి ధనం ఏదీ? ఇక్కడ మరొక ప్రవాసిని స్మరించాలి. కోరంగి రేవు ప్రాంతంలో పేదయింట పుట్టిన మల్లాడి సత్యలింగ నాయకరుగారు రంగూను చేరి, ఓడల వ్యాపారంలో అపారధనం గడించి, 1915లో మరణించేనాటికి తన ఆస్తిని ధర్మకార్యాలకు విడిచిపెట్టారు. బర్మాలో తెలుగు కూలీని చులకనగా కోరంగీ అని పిలిచేవారు. ఆ కోరంగీల నడుమ నుండి పైకి వచ్చినవాని సొమ్ముతో కాకినాడలో వెలసిన ధర్మసంస్థ సుబ్బారావుగారికి సహాయం చేస్తామని వాగ్దానం చేసింది. మిగిలినది మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు సమకూర్చారు. ఒక వలస పుణ్యాన మరొక వలసకు ఇట్లు దారి ఏర్పడింది.

సుబ్బారావుగారికి 1919లో శేషగిరి అనే బాలికతో వివాహమైంది. మూడేండ్లలో తిరిగి వస్తానని ఆమెకు చెప్పి, 1920ల ఆరంభంలో ఆయన ఓడ ఎక్కారు. ఆయన మళ్ళీ రాలేదు. వారికి కలిగిన కుమారుడు పసితనంలోనే కన్నుమూసేనాటికి తండ్రి సముద్రాల ఆవల బోస్టను నగరంలో ఉన్నారు.

బోస్టనులో ఆయన అడుగుపెట్టిన కాలం ఆసియావాసులకు అనుకూలమైనది కాదు. 1917లో అమెరికా ప్రభుత్వం చేసిన చట్టం భారతదేశంతో సహా ఆసియాలో అధికభాగం నుండి వలసను నిషేధించింది. విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఉండేది. 1923లో భగత్‌సింగ్ థింద్ అనే సిక్కు సోదరుని వ్యాజ్యంలో, భారతీయులు శ్వేతజాతీయులు కారు గనుక అమెరికా పౌరత్వానికి అర్హులు కారని అక్కడి సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. విచిత్రమేమంటే, ఆసియాకు తలుపు మూసిన 1917లోనే అదే ప్రభుత్వం తన ఏలుబడిలోనున్న ప్యూర్టోరికో ద్వీపవాసులకు పౌరత్వమిచ్చింది. కాని అక్కడి చెరకుతోటల కూలీల పేదరికం గాని, రక్తహీనత గాని, స్ప్రూ వ్యాధి గాని ఆ కాగితంతో మాయం కాలేదు. ఒకరికి పౌరత్వం లేదు. ఒకరికి పౌరత్వముండీ ఆరోగ్యం లేదు. ఈ రెండు ధారలు పాతికేండ్ల తరువాత ఒకచోట కలిశాయి.

హార్వర్డులో ఆయనకు వేతనం దొరకలేదు. అందుచేత ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రంచేసే పని చేస్తూ, పగలు చదువుకొని, ఉష్ణమండల వ్యాధులలో డిప్లొమా పొందారు. పిమ్మట సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద జీవరసాయన పరిశోధనలో చేరారు. 1925లో వారిద్దరు కలిసి రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో రంగు తీవ్రతను బట్టి కొలిచే విధానం ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది జీవరసాయన విద్యార్థులందరికీ పరిచయమైంది. ఆ కొలబద్దతో కండరాన్ని పరీక్షించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వెలికి తీశారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఎ.టి.పి.ని కనుగొన్నారు. మనం తిన్న అన్నంలోని శక్తి నేరుగా చేతికి, కాలికి చేరదు. ధాన్యమమ్మిన రైతు ఆ రూకలతో కావలసినది కొనుక్కున్నట్లు, దేహం అన్నాన్ని ఎ.టి.పి. అనే నాణెంగా మార్చుకొని ప్రతి పనికి ఖర్చు పెడుతుంది. గడ్డపార ఎత్తినా, కనురెప్ప వాల్చినా ఖర్చయ్యేది ఆ నాణెమే.

1930లో ఆయన డాక్టరేటు పొందారు. అయినా స్థిరమైన ఆచార్యపదవి హార్వర్డు ఆయనకు ఇవ్వలేదు. ఆయన చేసిన పని కొంత ఫిస్కే అసూయవల్ల వెలుగు చూడక మరుగుపడిందని, దానిని ఇతరులు ఎన్నో ఏండ్ల తరువాత మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని అదే విభాగంలో ఆనాడు పనిచేసి, 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ అభిప్రాయపడ్డారు. సుబ్బారావుగారు మాత్రం తన హక్కు కొరకు పోరాడినవారు కారు. 1940లో విశ్వవిద్యాలయం విడిచి న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ గ్రామంలో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరారు. రెండేండ్లలో పరిశోధనశాఖకు అధిపతి అయినారు. పౌరుడు కాదగడని చట్టం శాసించిన మనిషి, యుద్ధకాలంలో ఆ దేశపు వైద్యపరిశోధనలో ఒక ముఖ్యభాగాన్ని నడిపించారు.

ఆయన మనస్సు స్ప్రూ వ్యాధిని మరువలేదు. దాని గుట్టు విప్పే మొదటి ఆధారం మన దేశంలోనే, పేదరాండ్ర రక్తంలోనే దొరికింది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భవతులకు వచ్చే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించారు. పేద ఇండ్లలో, పోషకాహారం కరువైన స్త్రీలలో అది హెచ్చుగా ఉన్నదని, ఈస్టు పులుసు సారం ఇస్తే నయమవుతున్నదని ఆమె గ్రహించారు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలోను ఆమె పనిచేశారు. ఆ శాలయే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా వెలుగొందుతున్నది. ఈస్టులోను, కాలేయంలోను, పాలకూరవంటి ఆకుకూరల్లోను ఉన్న ఆ ఔషధ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దేహంలో కొత్త కణాలు పుట్టాలంటే అది కావాలి. అది లోపిస్తే ఎర్రకణాలు పక్వం కాక, పెద్దవై, సంఖ్యలో తగ్గిపోతాయి. ప్రేగుల లోపలి పొర పాడవుతుంది.

కాలేయం నుండి దానిని వేరుచేయడం మహాప్రయాసతో కూడినది, దొరికేది అత్యల్పం. ప్రయోగశాలలో నిర్మించగలిగితేనే లోకానికి చాలినంత లభిస్తుంది. సుబ్బారావుగారి నాయకత్వంలో పనిచేసిన శాస్త్రజ్ఞులు 1945లో ఈ కార్యం సాధించారు. ఆ విజయాన్ని లోకానికి చాటిన పత్రంపై పదహారుమంది పేర్లున్నాయి. వారి నడుమ, అక్షరం ఎక్కువ తక్కువ లేకుండా, ఆయన పేరు కూడ ఒకటి. సేనాపతి తన పేరు సైనికుల పేర్ల నడుమ వ్రాయించుకొన్నట్లైంది.

ఆ మందు మొదట చేరిన రోగులలో క్యూబా, ప్యూర్టోరికో దీవుల పేదలున్నారు. టామ్ స్పైస్ అనే అమెరికను వైద్యుడు హవానా నగరంలోను, ప్యూర్టోరికోలోను స్థానిక వైద్యులతో కలిసి స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూశారు. 1946లో ఫలితాలు వెల్లడైనాయి. మంచం పట్టినవారికి ఆకలి పుట్టింది, రక్తం పట్టింది, లేచి తిరిగారు. భీమవరం ఇంట ఇద్దరు సోదరులను కబళించిన వ్యాధికి మందు దొరికింది. దానిని సాధించినవాడు పౌరత్వం లేని ప్రవాసి. స్వీకరించినవారు స్పానిష్ మాట్లాడే చెరకుసీమల బీదలు. ఆ యేండ్లలోనే ప్యూర్టోరికో కుటుంబాలు వేలకు వేలుగా న్యూయార్కు నగరానికి వలస రాసాగాయి.

బోదకాలు విషయంలోను ఇదే కథ. గోదావరి తీరపు గ్రామాల్లో ఈ వ్యాధిని ఎరుగనివారుండరు. పసిఫిక్ దీవుల్లో పోరాడిన సైనికులకు ఫైలేరియా సోకడంతో అమెరికాకు దీనిపై శ్రద్ధ కలిగింది. లెడర్లీ శాలలో వందలకొలది రసాయనాలను పరీక్షించి, 1947లో హెట్రజాన్ అనే మందును కనిపెట్టారు. దీనిని మొదట రోగులపై పరీక్షించిన చోట్లలో ప్యూర్టోరికో ముఖ్యమైనది. మన దేశంలో 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ పథకం ఆరంభమైన తరువాత, ఈ మందే డి.ఇ.సి. మాత్ర అనే పేరుతో ఇంటింటికీ వచ్చింది. కాకినాడ ధర్మనిధి ఒక విద్యార్థికి ఇచ్చిన మాట, బోదకాలు బాధించే ఆ తీరానికే మందుగా తిరిగి వచ్చిందన్నమాట.

ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే రసాయనాలను కూడ ఆయన శాల తయారుచేసింది. కణాల పెరుగుదలను పోషించేది ఒకటైతే, అరికట్టేది మరొకటి. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వాటిలో అమినాప్టెరిన్ అనే దానిని రక్తపు క్యాన్సరుతో మరణాసన్నులైన పసిబిడ్డలకు ఇచ్చారు. వారిలో పదిమందికి వ్యాధి తాత్కాలికంగా వెనుకంజ వేసిందని 1948లో ప్రకటించారు. క్యాన్సరును మందుతో ఎదుర్కోవచ్చుననే ఆశకు అది ఉషోదయం. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సరులోను, కీళ్ళవాతంలోను వాడుకలో ఉన్నది. ఆ యేడే ఆయన శాఖలో పనిచేస్తున్న బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బది దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి తీసిన ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులలో అదే జ్యేష్ఠ.

ఆయన ప్రతి ప్రయత్నమూ ఫలించినదని చెప్పడం సత్యం కాదు. ప్రాణాంతకమైన మరొక రకపు రక్తహీనతకు మూలౌషధం కాలేయంలోనే ఉన్నదని ఆయన ఏండ్ల తరబడి వెదికారు. ఫోలిక్ ఆమ్లం ఆ రోగుల రక్తాన్ని బాగుచేసినా నరాల జబ్బును ఆపలేకపోయింది. అసలు పదార్థమైన బి–12 విటమినును 1948లో ఇతర సంస్థల శాస్త్రజ్ఞులు చేజిక్కించుకొన్నారు. ఆ సంవత్సరమే ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సులో, న్యూయార్కు ప్రాంతంలోని తన ఇంట నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు మరణించారు. 1946లో చేసిన కొత్త చట్టం భారతీయులకు పౌరత్వార్హత కల్పించింది. కాని ఆయన అమెరికా పౌరుడు కాకుండానే వెళ్ళిపోయారు. స్వతంత్ర భారతాన్ని ఒక్కసారియైనా కంటితో చూడలేదు.

స్ప్రూ వ్యాధికి నేడు వైద్యులిచ్చే చికిత్స రెండు మందుల కలయిక: ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండవది టెట్రాసైక్లిన్. రెండింటి పుట్టుకతోనూ ఆయన నడిపిన శాలకు సంబంధమున్నది. సోదరుల చితుల వద్ద మొలకెత్తిన సంకల్పం ఇంతకంటే సంపూర్ణంగా నెరవేరడం చరిత్రలో అరుదు. ఐనా నోబెల్ బహుమతి రాలేదు. పేరు సామాన్యుల నోట పడలేదు. 1953లో ఒక బూజుజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరిట నామకరణం చేశారు. 1995లో, శతజయంతి సందర్భాన, భారత ప్రభుత్వం తపాలాబిళ్ళ వెలువరించింది.

మందు కనుగొనడంతో ఆయన పని ముగిసింది. సమాజం పని అక్కడ మొదలైంది. గర్భం ధరించే ముందు, ఆ వెంటనే స్త్రీకి ఫోలిక్ ఆమ్లం చాలినంత అందితే శిశువు వెన్నెముకకు, మెదడుకు వచ్చే పుట్టుకలోపాలు చాలవరకు నివారించవచ్చునని 1991లో బ్రిటనులో వెలువడిన పరిశోధన నిర్ధారించింది. ఆ మీదట అమెరికా ప్రభుత్వం 1998 నుండి గోధుమపిండి మొదలైన వాటిలో దానిని కలపడం తప్పనిసరి చేసింది. దేశంలో ఆ లోపాలు తగ్గాయి. కాని మెక్సికో నుండి వలస వచ్చిన కుటుంబాలు తినేది ప్రధానంగా మొక్కజొన్న పిండి రొట్టె. ఆ పిండిని చట్టం వదలివేసింది. లాటిను కుటుంబాల బిడ్డలలో ఆ లోపాలు ఇతరులకంటే హెచ్చుగానే నిలిచాయి. మొక్కజొన్న పిండిలో కలుపుకొనడానికి అనుమతి లభించినది 2016లో మాత్రమే. అదికూడ తప్పనిసరి కాదు. శాస్త్రం మందు తయారు చేసింది; చట్టం ఒక వంటింటికి దానిని పంపి, పక్కనున్న వంటింటిని మరచిపోయింది. రాగిసంగటి, జొన్నరొట్టె తిని పెరిగిన మనకు ఈ అన్యాయం విడమరచి చెప్పనక్కరలేదు. ఏ ధాన్యం తింటారో, ఏ భాష మాట్లాడుతారో, ఏ కాగితం చేతనుంటుందో వాటిని బట్టి బిడ్డల ఆరోగ్యం నిర్ణయం కావడమే అసమానత అసలు రూపం.

సుబ్బారావుగారి జీవితం నుండి వలసకు సంబంధించిన పాఠం ఒకటి మిగులుతున్నది. ఆయనను ఆదరించిన దేశం ఆయన శ్రమను పుచ్చుకొన్నది. స్థానం ఇవ్వడానికి తటపటాయించింది. పంపిన దేశం ఆయనను తక్కువ పట్టాతో వెలుపలికి నెట్టి, పోయిన తరువాత గర్వించింది. ఈ రెండింటి నడుమ మూల్యం చెల్లించినవారు ఇంటివద్దనున్న ఇల్లాలు. మూడేండ్ల గడువు నమ్మి, పెనిమిటి లేక, బిడ్డ లేక బ్రతుకు వెళ్ళదీసిన శేషగిరమ్మగారి పేరు ఏ మందుసీసాపైనా లేదు. ఆయన సాధించిన దానిలో ఆమె భాగం ఎంతో లెక్కగట్టే పద్ధతి మాత్రం ఎవరూ కనిపెట్టలేదు. గల్ఫ్ నుండి వచ్చే డబ్బుతో లేచిన మేడలను చూచి మురిసిపోయే మన పట్టణాలు ఆ మేడల్లో ఒంటరిగా ఉన్న తల్లుల ఆరోగ్యాన్ని, బిడ్డల చదువును, పరదేశంలో ఎండకు మాడే మగవాని దేహాన్ని, అరబ్బుల ఇండ్లలో పనికి కుదిరిన ఆడబిడ్డ యోగక్షేమాలను కూడ లెక్కలోకి తీసుకోవాలి.

సర్కారు ఆసుపత్రిలో గర్భవతికి ఉచితంగా ఇచ్చే ఇనుము–ఫోలిక్ ఆమ్లం మాత్ర చాల చిన్నది. దానిలో బొంబాయి మిల్లు కూలీల రక్తహీనత, రంగూను రేవులో కూడబెట్టిన ధనం, భీమవరం ఇంటి శోకం, పెర్ల్ రివర్ శాలలో గడచిన రాత్రులు అన్నీ ఇమిడి ఉన్నాయి. దానిని మ్రింగే తల్లికి ఈ చరిత్ర తెలియకపోయినా లోపం లేదు. అది ఏ తల్లికీ అందకుండా పోకూడదు. సుబ్బారావుగారికి మనం చేయగల శ్రాద్ధకర్మ అంతకు మించినది లేదు.